పాత జపాన్ గురించి చదవాలంటే: ఫాంటసీ నవలా, చరిత్ర పుస్తకమా?

పాత జపాన్ సమాజం మీద ఏదైనా చదవాలనుకునేవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్న "నవలతో మొదలుపెట్టాలా, చరిత్రతోనా?" అని. దానికంటే ముందు ఏ కాలం గురించి చదవాలో తేల్చుకోవాలి. క్రీ.శ. 1000 ప్రాంతంలో క్యోటో అంతఃపురంలో తెరల వెనక కూర్చుని కవిత్వం రాసిన స్త్రీ, 1570ల్లో ఏదో ప్రభువు సైన్యంలో బల్లెం పట్టిన రైతు కొడుకు, 1840లో నేటి టోక్యో అయిన ఎడో నగరంలో ఇరుకు అద్దెగదిలో బతికిన పనిమనిషి, ఈ ముగ్గురూ ఒకరి లోకాన్ని ఒకరు గుర్తుపట్టలేరు. కత్తియుద్ధాలు ఉంటాయనుకుని ప్రేమలేఖల కాలం పుస్తకం కొన్నవాళ్లు దాన్ని సగంలో పక్కన పడేస్తే తప్పు ఆ పుస్తకానిది కాదు.

కాలాన్ని బట్టి సలహా మారుతుంది. యుద్ధాల కాలానికి ఫాంటసీతో మొదలుపెట్టడం మేలు. అంతఃపుర కవిత్వం సాగిన హెయాన్ కాలానికి (794-1185) చరిత్ర ముందు చదవాలి. ఎడో కాలానికి (1603-1868) చరిత్ర పుస్తకాలే నవలల్లా సాగుతాయి, ఫాంటసీ లేకపోయినా లోటు తెలియదు. పురాణకాలానికి రెండూ పక్కపక్కన పెట్టుకోవాలి. ఇక్కడ చెప్పేవన్నీ ఇంగ్లీషులో దొరికే పుస్తకాలు.

యుద్ధాల కాలం: ముందు ఫాంటసీ

1467లో క్యోటోలో ఓనిన్ యుద్ధం మొదలైన దగ్గర్నుంచి 1600లో సెకిగహారా యుద్ధం దాకా దేశం ముక్కలు ముక్కలుగా కొట్టుకుంది. ఈ కాలపు చరిత్రను నేరుగా తెరిస్తే మొదట అడ్డుపడేవి పేర్లు. సెకిగహారాలో గెలిచి తర్వాత షోగన్ (దేశాన్ని ఏలే సేనాధిపతి) అయిన తొకుగావా ఇఎయాసునే చూడండి. చిన్నప్పుడు మత్సుదైరా తకెచియో, పెద్దయ్యాక మోతోనోబు, తర్వాత మోతోయాసు, ఆపైన ఇఎయాసు, 1566లో ఇంటిపేరు కూడా మారి తొకుగావా. ఒక్క మనిషే చదివేవాళ్లకు నలుగురైదుగురిలా కనిపిస్తాడు. పొత్తులూ అంతే వేగంగా మారతాయి. యాభై పేజీలు తిరిగేసరికి ఎవరు ఎవరి పక్షమో తెలియక చాలామంది ఆగిపోతారు.

అందుకే ఇక్కడ ముందు లియన్ హర్న్ 'టేల్స్ ఆఫ్ ద ఓతోరి' చదవమంటాను. మొదటి భాగం 'అక్రాస్ ద నైటింగేల్ ఫ్లోర్' 2002లో వచ్చింది. కథ జరిగేది కల్పిత దేశంలో, కానీ సమాజపు చట్రం మాత్రం యుద్ధాల కాలం జపాన్ నుంచి తీసుకున్నదే. కథానాయిక కయెదె చిన్నప్పటి నుంచి శత్రువు కోటలో బందీగా పెరుగుతుంది. అసలు చరిత్రలో ఇఎయాసు బాల్యం కూడా ఓదా, ఇమగావా వంశాల దగ్గర బందీగానే గడిచింది. దత్తత తీసుకోవడం, పెళ్లితో పొత్తు కట్టడం, ఒక వంశం పెద్దల్లోనే రెండు వర్గాలు ఉండటం, ఇవన్నీ ఎందుకు జరుగుతాయో ఈ నవల మనుషుల ద్వారా చూపిస్తుంది. ఆ లెక్క ఒకసారి వంటబట్టాక చరిత్రలో పేర్లు ఎన్ని మారినా తికమక ఉండదు. కథలో 'హిడెన్' అనే రహస్య మతస్థులు హింసకు గురవుతారు. 1549లో ఫ్రాన్సిస్ జేవియర్ రాకతో జపాన్‌లో మొదలై, 1614 నిషేధం తర్వాత చాటుగా బతికిన క్రైస్తవుల సంగతి తెలిసినవాళ్లకు ఆ పోలిక వెంటనే తడుతుంది.

నవల పేరులోని 'నైటింగేల్ ఫ్లోర్' సంగతి కాస్త దగ్గరగా చూడాలి. అడుగు పడితే పిట్ట కూతలాంటి చప్పుడు చేసే చెక్క నేల నవలలో హంతకుణ్ణి పట్టించే ఏర్పాటు. అలాంటి నేల క్యోటోలో 1603 నాటి నిజో కోటలో నిజంగా ఉంది. పలకల అడుగున వాటిని పట్టి ఉంచే ఇనుప కొక్కేలు, వాటిలో దిగ్గొట్టిన మేకులు ఉంటాయి. బరువు పడగానే పలక కిందికి వంగుతుంది, కొక్కెం మేకుకు రాసుకుంటుంది, కిచకిచమంటుంది. ఏళ్ల తరబడి వాడకంలో మేకులు వదులైనందువల్లే ఈ శబ్దం వస్తోందని ఆ కోటలో పెట్టిన వివరణ చెబుతుంది. కాపలా కోసం కావాలని చేసిందన్నది ప్రచారంలో ఉన్న కథ. ఫాంటసీ అలాంటి ప్రచారాన్ని తీసుకుని కథకు ఇరుసుగా మార్చేస్తుంది. అది దాని హక్కు. చదివే మనం మాత్రం రెంటినీ విడిగా గుర్తుపెట్టుకోవాలి. అలాగే ఆ నవలలో 'ట్రైబ్' అనే గూఢచారుల తెగ మనుషులకు ఉండే అదృశ్యశక్తినీ, ఒకేసారి రెండుచోట్ల కనిపించే విద్యనీ నింజాల చరిత్ర అనుకోకూడదు.

కొనేటప్పుడు ఒక జాగ్రత్త. ఈ మొదటి భాగాన్నే రెండు చిన్న పుస్తకాలుగా విడగొట్టి వేరే పేర్లతో వేసిన ముద్రణలున్నాయి. పాత పుస్తకాలు కొనేవాళ్లు పేజీల సంఖ్య చూసుకోకపోతే సగం కథే చేతికొస్తుంది. 2007లో వచ్చిన 'హెవెన్స్ నెట్ ఈజ్ వైడ్' కథాకాలంలో అన్నిటికంటే ముందుది, కానీ దాన్ని మొదట చదవకండి. మొదటి మూడు భాగాల్లో దాచిన సంగతులన్నీ అది బయటపెట్టేస్తుంది. ఇదే రచయిత్రి 2016లో రాసిన 'షికనోకో' ఇంకా పాత కాలానిది, మంత్రతంత్రాలు ఎక్కువ. అది అమెరికాలో నాలుగు పుస్తకాలుగా, ఆస్ట్రేలియాలో రెండుగా వచ్చింది. అందుకని రెండు ముద్రణలనూ కలిపి కొనకండి.

దాని తర్వాత మేరీ ఎలిజబెత్ బెర్రీ రాసిన 'హిదెయోషి' తీసుకోండి. 1982 నాటిది, ఇప్పటికీ గట్టి పుస్తకం. మామూలు కుటుంబంలో పుట్టిన హిదెయోషి దేశం మొత్తాన్ని గుప్పిట్లోకి తెచ్చుకోవడం ఒక ఎత్తు, ఆ తర్వాత తనలాంటివాడు మరొకడు పైకి రాకుండా దారులు మూసేయడం ఇంకో ఎత్తు. 1588లో రైతుల దగ్గరున్న కత్తులు, బల్లేలు, తుపాకులు లాగేసుకున్నాడు. ఆ ఇనుముతో మహాబుద్ధుడి ఆలయానికి మేకులూ కొక్కేలూ చేయిస్తామని, రైతుకు పరలోకంలోనూ మేలు జరుగుతుందని ఆజ్ఞలో రాయించాడు. 1591లో సైనికుడు రైతుగా, రైతు వ్యాపారిగా మారకుండా కట్టుదిట్టం చేశాడు. పొలాలన్నీ కొలిపించి దిగుబడిని 'కోకు'ల్లో లెక్క కట్టించాడు. ఒక కోకు అంటే సుమారు 180 లీటర్ల బియ్యం, ఒక మనిషికి ఏడాది తిండి అన్నది దాని వెనకున్న లెక్క. సంవత్సరానికి 10,000 కోకులు, ఆపైన పండే భూమి ఉన్నవాడే తర్వాతి కాలంలో దైమ్యో, అంటే ప్రభువు. ఈ ఒక్క కొలత పట్టుబడితే పాత జపాన్ మీద ఏ పుస్తకంలోనైనా ఎవడి స్థాయి ఏమిటో మీకే తెలిసిపోతుంది.

సమురాయ్ అంటే కత్తే అనుకునేవాళ్లు కార్ల్ ఫ్రైడే 'సమురాయ్, వార్‌ఫేర్ అండ్ ద స్టేట్ ఇన్ ఎర్లీ మిడీవల్ జపాన్' చూడాలి. తొలి శతాబ్దాల్లో యోధుడి అసలు ఆయుధం గుర్రం మీది నుంచి వేసే బాణం. కాస్త పాఠ్యపుస్తకం పద్ధతిలో సాగినా, వివరం కావాల్సినవాళ్లకు దీనికి సాటి లేదు.

హెయాన్ కాలం: ముందు చరిత్ర

794లో రాజధాని నేటి క్యోటోకు మారింది. అక్కడి నుంచి 1185 దాకా ఉన్న కాలంలో ఫాంటసీతో మొదలుపెడితే దెబ్బతింటారు. కారణం తేలికే. ఆ లోకంలో పెద్ద సంగతులన్నీ చిన్న చిహ్నాల్లో జరుగుతాయి. మగవాడు వరసగా మూడు రాత్రులు అమ్మాయి ఇంటికి వస్తే, మూడో రాత్రి వాళ్లకు బియ్యపు పిండి ముద్దలు పెడితే, అది పెళ్లి. ఆ సంగతి తెలియనివాళ్లకు ఆ పేజీలో ఏమీ జరిగినట్టే అనిపించదు. ఉత్తరం ఏ రంగు కాగితం మీద రాశారు, దానికి ఏ కొమ్మ కట్టి పంపారు అన్నదే పెద్ద మాట. ఫలానా రోజు ఫలానా దిక్కుకు వెళ్లకూడదని ముందురోజు రాత్రి ఇంకొకరింట్లో దిగి దిశ మార్చుకుని వెళ్లేవాళ్లు. శూలాలూ వర్జ్యాలూ చూసి బయల్దేరే ఇళ్లలో పెరిగినవాళ్లకు ఇది వింతగా తోచకపోవచ్చు.

ఈ నియమాలన్నీ ఒకచోట దొరికేది ఈవాన్ మారిస్ 'ద వరల్డ్ ఆఫ్ ద షైనింగ్ ప్రిన్స్'లో. 1964 పుస్తకం, భాష హాయిగా ఉంటుంది. రెండు పరిమితులు మనసులో పెట్టుకోండి. ఆయన ఆధారాల్లో పెద్ద వాటా 'గెంజి మోనోగతారి' అనే కల్పిత కథది. ఆ పుస్తకంలో కనిపించేది రాజధానిలోని అతి చిన్న కులీన వర్గం, వాళ్లకు అన్నం పండించి పెట్టినవాళ్లు అందులో దాదాపు లేరు. 'పాత జపాన్ సమాజం' అంటే మీకు సామాన్యుల జీవితమైతే ఇది మీ పుస్తకం కాదు.

మారిస్ తర్వాత ఫాంటసీ చేతికి తీసుకుంటే కిజ్ జాన్సన్ 2000లో ప్రచురించిన 'ద ఫాక్స్ ఉమన్'కు మించింది లేదు. రాజధానిలో పదవి దక్కని యోషిఫుజి భార్యతో పల్లెలోని ఇంటికి చేరతాడు. అక్కడ గిడ్డంగి కింద కాపురముండే నక్క అతన్ని ప్రేమించి ఆడదానిగా మారుతుంది. మగవాడు, అతని భార్య, నక్క, ముగ్గురూ విడివిడిగా రాసుకున్న దినచర్యల్లో కథ సాగుతుంది. హెయాన్ స్త్రీలు నిజంగానే దినచర్యలు రాసి సాహిత్యాన్ని నిలబెట్టారు గనుక ఆ రూపమే సగం చరిత్ర చెప్పేస్తుంది. కథకు మూలం వెయ్యికి పైగా కథలున్న 'కొంజకు మోనోగతారిషు' సంకలనంలో ఉంది. నక్క కట్టుకున్న మాయాభవనంలో మర్యాదలన్నీ సరిగ్గా పాటిస్తుంటారు, పైన చూస్తే అది నేల కింద మట్టి. మారిస్ చదివి వచ్చినవాళ్లకే ఆ మర్యాదల నొప్పి అందుతుంది.

నేరుగా 'గెంజి'కే వెళ్లాలనుకునేవాళ్లకు అనువాదం ఎంపిక ముఖ్యం. 54 అధ్యాయాల పుస్తకమిది. ఆర్థర్ వేలీ అనువాదం 1925 నుంచి 1933 వరకు వచ్చింది, అందంగా ఉంటుంది, కానీ ఒక అధ్యాయాన్ని వదిలేశాడు. ఎడ్వర్డ్ సైడెన్‌స్టికర్ 1976 అనువాదం చకచకా సాగుతుంది, మొదటిసారికి అదే సుఖం. రాయల్ టైలర్ 2001 అనువాదంలో పాత్రలను మూలంలోలాగే హోదాలతో పిలుస్తారు, పదోన్నతి వస్తే పిలుపు మారిపోతుంది. అయితే ప్రతి అధ్యాయం ముందు పాత్రల పట్టిక, అడుగున వివరణలు ఉంటాయి. ఓపిక ఉన్నవాళ్లకు టైలర్, కథ కావాల్సినవాళ్లకు సైడెన్‌స్టికర్.

ఎడో కాలం: చరిత్ర చాలు

1603 నుంచి 1868 వరకు. పద్దెనిమిదో శతాబ్దానికి ఎడో నగర జనాభా సుమారు పది లక్షలు. కాగితం మీద రాసుకునే అలవాటు పల్లెల దాకా పాకిన కాలం గనుక సామాన్యుల గొంతులు నేరుగా వినిపిస్తాయి. ఏమీ స్టాన్లీ 2020లో రాసిన 'స్ట్రేంజర్ ఇన్ ద షోగన్స్ సిటీ' ఇందుకు గొప్ప ఉదాహరణ. ఎచిగో ప్రాంతంలోని ఒక పల్లె బౌద్ధాలయపు పూజారి కూతురు త్సునెనో 1804లో పుట్టింది. మూడు పెళ్లిళ్లూ విడాకులతో ముగిశాయి. బట్టలు తాకట్టు పెట్టుకుని 1839లో ఇంట్లో చెప్పకుండా ఎడో చేరింది. అక్కడి నుంచి తల్లికీ అన్నకూ రాసిన ఉత్తరాలను ఆ ఆలయం దాచింది. అద్దెగది ఎంత ఇరుకో, చలికి పరుపు లేకపోతే ఎలా ఉంటుందో, పనిమనిషికి ఎప్పుడు కూలి అందుతుందో ఆ ఉత్తరాల్లోంచే వస్తుంది. అమెరికా యుద్ధనౌకలు ఎడో ఖాతంలోకి వచ్చిన 1853లోనే ఆమె చనిపోయింది. ఒక్క పుస్తకమే కొనగలిగితే ఇది కొనండి.

దానికి జతగా కట్సు కోకిచి ఆత్మకథ 'ముసుయిస్ స్టోరీ', టెరుకో క్రెయిగ్ అనువాదం. 1843లో రాసుకున్నాడు. పుట్టుకతో షోగన్ కొలువు సమురాయ్, బతుకంతా ఉద్యోగం లేదు. చిన్నప్పుడే ఇంట్లోంచి పారిపోయి దారి పొడుగునా అడుక్కున్నాడు, పెద్దయ్యాక కత్తుల బేరాలు చేశాడు, దెబ్బలాటలకు తిరిగాడు, ఇంట్లోవాళ్లు పంజరంలాంటి గదిలో పెట్టి తాళం వేశారు. చిన్న పుస్తకం, రెండు సాయంత్రాల్లో అయిపోతుంది. 'బుషిదో' అనే సమురాయ్ నీతి గురించి విన్నదంతా దీని పక్కన పెట్టి చూడండి. నితోబె ఇనాజో 'బుషిదో' 1900లో విదేశీ పాఠకుల కోసం ఇంగ్లీషులోనే రాసిన పుస్తకం, అప్పటికి సమురాయ్ వర్గమే లేదు. సమురాయ్ నడవడి మీద పేరున్న 'హగకురె' పుస్తకంలోని మాటలు చెప్పిన యమమోతో త్సునెతోమో యుద్ధమే చూడని తరం మనిషి. పాత యోధుల నీతికి సాక్ష్యంగా వీటిని చదివితే తప్పుదారి పడతారు.

మనవాళ్లు ఇంకో పొరపాటు చేస్తుంటారు. యోధుడు, రైతు, చేతివృత్తివాడు, వర్తకుడు అన్న నాలుగు మెట్ల పట్టికను చూడగానే చాతుర్వర్ణ్యంతో పోల్చేస్తారు. ఆ పట్టిక చైనా కన్ఫ్యూషియన్ గ్రంథాల నుంచి వచ్చిన ఆదర్శం. ఆచరణలో ఉన్న గీత వేరు: సమురాయ్‌లు, పట్టణవాసులు, పల్లెవాసులు. వీళ్లందరికీ బయట అంటరానివాళ్లుగా ఉంచిన ఎతా, హినిన్ సమూహాలు. ఆ పేర్లను, ఆ హోదాలను 1871లో చట్టం రద్దు చేసింది. అట్టడుగు మెట్టు అని చెప్పే వర్తకుడి దగ్గర ప్రభువులు అప్పులు చేసేవాళ్లు. ఈ బయటి సమూహాల మీద అసలు మాటే లేని ఎడో పుస్తకమైతే దాన్ని కాస్త అనుమానంగానే చూడాలి.

ఈ కాలపు పుస్తకాల్లో 'సరస' అనే పూలబట్ట కనిపిస్తే ఒక్క క్షణం ఆగండి. 1641 నుంచి నాగసాకిలోని దెజిమా దీవికే పరిమితమైన డచ్ వర్తకులు ఆ అద్దకం బట్టలను మోసుకెళ్లింది కోరమాండల్ తీరం నుంచి. మచిలీపట్నంలో వాళ్ల కొఠీ పదిహేడో శతాబ్దం ఆరంభంలోనే ఉంది. మన తీరపు బట్ట ముక్కలను జపాన్‌లో తేనీటి వేడుక నడిపే గురువులు విలువైన పాత్రలకు సంచులుగా కుట్టించుకున్నారు.

ఎడో ఫాంటసీ కావాలంటే ఆ కాలంవాళ్లు రాసిందే చదవొచ్చు: ఉఎదా అకినారి 1776లో ప్రచురించిన 'ఉగెత్సు మోనోగతారి', తొమ్మిది దెయ్యాల కథలు. ఆంథొనీ చేంబర్స్ 2007 అనువాదంలో ప్రతి కథకూ మంచి ముందుమాట ఉంది.

పురాణకాలం: రెండూ పక్కపక్కన

నోరికో ఒగివారా 'డ్రాగన్ స్వోర్డ్ అండ్ విండ్ చైల్డ్'లో వెలుగు దేవుడి సంతానానికీ చీకటి ప్రజలకూ జరిగే పోరుకు మూలం 712 నాటి పురాణగాథల గ్రంథం 'కోజికి'. పదమూడేళ్ల పిల్లలైనా చదవగలరు, అనువాదం కాథీ హిరానోది. పక్కన 'కోజికి' పెట్టుకునేటప్పుడు గుస్తావ్ హెల్ట్ 2014 అనువాదం ఎంచుకోండి, అందులో దేవతల పేర్లకు అర్థం కూడా ఇంగ్లీషులోకి వచ్చేసింది. డోనాల్డ్ ఫిలిప్పీ 1968 అనువాదం పరిశోధకులకు నిధి, కొత్తవాళ్లకు పేర్ల అడవి.

నాహోకో ఉఎహషి 'మోరిబితో' నవలల్లో దేశం జపాన్ కాదు, పూర్తిగా కల్పితం. అయినా రచయిత్రి మానవశాస్త్రవేత్త కావడం ప్రతి పేజీలో తెలుస్తుంది. రాజ్యం చెప్పుకునే స్థాపన కథ ఒకటి, ఆ నేల మీద ముందునుంచి ఉన్న యాకూ ప్రజలు చెప్పుకునేది ఇంకొకటి. ఏది దాచారో వెతకడమే కథ. రాజవంశం కోసం 720లో 'నిహోన్ షోకి' అనే చరిత్ర గ్రంథం రాయించడం ఎలాంటి పనో దీంతో బాగా అర్థమవుతుంది. ఈ వరసలో మొదటి రెండే ఇంగ్లీషులో వచ్చాయని తెలిసి మొదలుపెట్టండి.

కొనే ముందు పది నిమిషాల పరీక్ష

ఉచిత నమూనా పేజీల్లోనే చాలా తేలిపోతుంది. ఫాంటసీలో మూడు విషయాలు చూడండి. మొదటిది ఇల్లు. పదో శతాబ్దపు వాతావరణంలో గది నిండా గోడ నుంచి గోడకు తతామి చాపలు, తేనీటి వేడుక కనిపిస్తే రచయిత ఆరు వందల ఏళ్లు కలిపేశాడు. హెయాన్ ఇళ్లలో చెక్కనేల మీద కూర్చునేచోట మాత్రమే చాప వేసేవాళ్లు. రెండోది ప్రయాణం. ఎడో నుంచి క్యోటోకు తొకైదో రహదారి సుమారు 500 కిలోమీటర్లు, మధ్యలో 53 మజిలీలు, నడిచి రెండు వారాలు. పాత్రలు అంత దూరం రెండు రోజుల్లో వచ్చేస్తుంటే మిగతా వివరాలనూ నమ్మక్కర్లేదు. మూడోది బియ్యం: పన్ను ఎవరు కడుతున్నారు, సైన్యానికి తిండి ఎక్కణ్నుంచి వస్తోంది అన్న ఊసే లేకపోతే అది దుస్తులు మాత్రమే జపాన్‌వి తొడుక్కున్న కథ. సరదాకి చదవొచ్చు, సమాజం తెలియదు.

చరిత్ర పుస్తకంలో ముందు చివరి పేజీలు తెరవండి. పటం, పదసూచి, పాత్రల పట్టిక ఈ మూడింటిలో రెండైనా లేకపోతే ఆ పుస్తకంతో తంటాలు తప్పవు. వయసులు ఏ లెక్కలో ఇచ్చారో ముందుమాటలో చూడండి. పాత పద్ధతిలో పుట్టగానే ఒకటి, ప్రతి కొత్త సంవత్సరానికీ ఇంకొకటి. కాబట్టి 'పదమూడేళ్ల పెళ్లికూతురు'కు మన లెక్కలో పదకొండో పన్నెండో ఉంటాయి. గంటలూ అంతే. ఎడోలో పగటిని ఆరు, రాత్రిని ఆరు భాగాలు చేసేవాళ్లు. ఎండాకాలంలో పగటి గంట సాగుతుంది, చలికాలంలో కుదించుకుపోతుంది.

డబ్బు పెట్టడానికి ముందు రుచి చూడాలనుకుంటే లఫ్కాడియో హర్న్ 1904 నాటి 'క్వైదాన్' గూటెన్‌బర్గ్ సైట్‌లో ఉచితం. దెయ్యాల కథలు, ఒక్కొక్కటి పావుగంటలో అయిపోతుంది. ఉచితంగానే దొరికే బేసిల్ హాల్ చాంబర్లేన్ 1882 'కోజికి'ని మాత్రం తొలి పుస్తకంగా తీసుకోకండి. శృంగారం ఉన్నచోటల్లా ఆయన మర్యాద కోసం లాటిన్‌లోకి మార్చేశాడు, కథలో ముఖ్యమైన మలుపులు కొన్ని సరిగ్గా అక్కడే ఉన్నాయి.